ద్వితీయ పి.యు. గణితం: మార్కులు జారిపోతున్నది ఎక్కడ?

కర్ణాటకలో ద్వితీయ పి.యు. విద్యార్థులు ఒకే విద్యాసంవత్సరంలో మూడు వార్షిక పరీక్షలు వ్రాయగల విధానం 2024లో అమలులోకి వచ్చిన సంగతి పాఠకులకు విదితమే. మూడింటిలో దేనిలో ఎక్కువ మార్కులు వస్తే వాటినే నిలుపుకొనే వీలు అప్పుడు కల్పించారు. ఒక్కరోజు జ్వరంతోనో, భయంతోనో ఏడాది చదువు నీటిపాలయ్యే దుస్థితి దీనితో తప్పిందనడంలో సందేహం లేదు. అయితే అవకాశం మూడింతలైనంత మాత్రాన అవగాహన మూడింతలు కాజాలదు. 2024లో మొదటి పరీక్ష ఫలితాలు ఏప్రిల్ 10న వెలువడగా, రెండవ పరీక్ష అదే నెల 29న ఆరంభమైంది. 2025లో ఫలితాలు ఏప్రిల్ 8న వస్తే రెండవ పరీక్ష 24న మొదలైంది. నడుమ ఉన్న గడువు మూడు వారాలకు కూడా చాలదు. ఆ కొద్ది రోజులలో గణిత పుస్తకాన్ని మొదటినుంచి మరల చదవడం ఎవరికీ సాధ్యం కాదు. మొదటిసారి మార్కులు ఎక్కడ పోయాయో తెలిసిన విద్యార్థికే ఆ గడువు పనికివస్తుంది.

ఆ 'ఎక్కడ' అన్నది బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, పావగడ, బళ్ళారి, సిరుగుప్ప, సింధనూరు ప్రాంతాల తెలుగు ఇళ్ళ పిల్లల విషయంలో ప్రత్యేకంగా ఆలోచించదగిన ప్రశ్న. ఇంట్లో తెలుగు, పదవ తరగతి వరకు చాలామందికి కన్నడం, పి.యు. విజ్ఞానశాస్త్ర విభాగంలో చేరగానే ఆంగ్లం. మూడు భాషల నడుమ సాగే ఈ ప్రయాణంలో గణితం ఒక్కటే భాషతో పనిలేని శాస్త్రమని తల్లిదండ్రుల నమ్మకం. అంకెలకు భాష లేదన్నది నిజమే. అంకెలను ఏమి చేయవలసి ఉన్నదో చెప్పే వాక్యానికి మాత్రం భాష ఉన్నది. ఈ పిల్లల మార్కులలో పెద్ద భాగం ఆ వాక్యం దగ్గరే జారిపోతున్నది.

మార్కుల విలువ ఎంతో ముందుగా చూడాలి. కర్ణాటకలో ఇంజనీరింగ్ ర్యాంకుకు పి.యు.లోని భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల మార్కులు సగం, సి.ఇ.టి. మార్కులు సగం లెక్కిస్తారు. మూడు సబ్జెక్టులకు కలిపి 300లో ఐదు మార్కుల ప్రశ్న ఒకటి చేజారితే ర్యాంకు నిర్ణయించే వందలో 0.83 పోయినట్లే. వేలమంది ఒకే అంకె చుట్టూ గుమిగూడే చోట ఇది చిన్న నష్టం కాదు. తమిళనాడులో పరిస్థితి మరింత సూటిగా ఉన్నది. అక్కడ ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షను 2007లో తొలగించారు. హోసూరు, డెంకణికోట, తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాల పిల్లలకు ప్లస్ టూ మార్కులే సర్వస్వం. కటాఫ్ లెక్కించే 200లో గణితం వాటా 100. అంటే గణితంలో పోయిన ప్రతి మార్కూ నేరుగా కటాఫ్‌లోనే పోతుంది.

ఇక అసలు విషయం. తెలుగులో షరతు ముందు వస్తుంది, ఫలితం తరువాత వస్తుంది. 'వాన పడితే బడికి సెలవు' అంటాము. కన్నడంలోనూ, తమిళంలోనూ వాక్యపు నడక ఇదే. ఆంగ్లంలో తరచుగా ఇది తలక్రిందులై, అడిగిన విషయం ముందు, షరతు వెనుక వస్తుంది. సంభావ్యత అధ్యాయంలో ఈ తేడా ఎంతటి అనర్థానికి దారితీస్తుందో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఒక కళాశాలలో 100 మంది విద్యార్థులు. 80 మంది బస్సులో వస్తారు, 20 మంది నడిచి వస్తారు. ఒకనాడు బస్సులో వచ్చినవారిలో 20 మందికి, నడిచి వచ్చినవారిలో 5గురికి ఆలస్యమైంది. ఆలస్యంగా వచ్చిన ఒక విద్యార్థి బస్సులో వచ్చి ఉండే సంభావ్యత ఎంత? ఆలస్యమైనవారు మొత్తం 25 మంది, వారిలో బస్సువారు 20 మంది; కనుక జవాబు 4/5. ఇదే ప్రశ్న ఆంగ్లంలో వచ్చినపుడు బస్సు మాట ముందు, ఆలస్యం మాట 'గివెన్ దట్' తరువాత ఉంటుంది. ముందు వచ్చినదే షరతని అలవాటుపడిన విద్యార్థి బస్సువారు 80 మందిని హారంగా తీసుకొని, వారిలో ఆలస్యమైనవారు 20 మందిని లవంగా వ్రాసి, 1/4 అని తేలుస్తాడు. కూడిక, భాగహారం తప్పలేదు. అడగని ప్రశ్నకు సరియైన జవాబు వ్రాశాడు, అంతే. బేయ్స్ సిద్ధాంతపు ప్రశ్నలలో సూత్రం కంఠస్థమై కూడా మార్కులు రాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

సదిశల అధ్యాయంలో ఇదే పొరపాటు మరొక వేషంలో కనిపిస్తుంది. 'బి మీద ఏ విక్షేపం' అని తెలుగులో అంటే ఆధారమైన 'బి' ముందు వస్తుంది. ఆంగ్లంలో 'ఏ' ముందు, 'బి' తరువాత. ఏ అంశాలు 3, 0, 4. బి అంశాలు 1, 2, 2 అనుకుంటే బిందు లబ్ధం 11. బి పరిమాణం 3, ఏ పరిమాణం 5. బి మీద ఏ విక్షేపం 11/3. ముందు పేర్కొన్న దానినే ఆధారమనుకున్న విద్యార్థి 11/5 వ్రాస్తాడు. ఇది ఒక మార్కు ప్రశ్నగా వస్తే బిందు లబ్ధాన్ని సరిగా కట్టినందుకు కూడా ఏమీ దక్కదు.

సరిహద్దు పిల్లలకు తెలివి తక్కువనే మాట కొన్ని కళాశాలల ఉపాధ్యాయ గదులలో ఇప్పటికీ వినిపిస్తున్నది. వాక్యం ఏ దిక్కునుంచి చదవాలో ఎవరూ చెప్పని పిల్లవానిని తెలివితక్కువవాడనడం బోధనా ధర్మం కాదు.

చిన్న మాటల సంగతి కూడా ఇటువంటిదే. 'ఎట్ లీస్ట్' అంటే కన్నడంలో కనిష్ఠ, తెలుగులో కనీసం. రెండూ దగ్గరి మాటలే కనుక కష్టం ఉండకూడదు. కానీ ఉన్నది. ఒక లెక్కను ఒకరు సాధించే సంభావ్యత 3/5, మరొకరు సాధించే సంభావ్యత 1/2, ఇద్దరూ విడివిడిగా ప్రయత్నిస్తున్నారు, కనీసం ఒకరైనా సాధించే సంభావ్యత ఎంత అని అడిగితే రెండింటినీ కూడి 11/10 అని వ్రాసే జవాబు పత్రాలు ఏటా కనిపిస్తాయి. సంభావ్యత ఒకటిని మించదని మొదటి పాఠంలోనే చదివిన విద్యార్థి తన జవాబును ఒక్కసారి తిరిగి చూసుకుంటే చాలు, ఏదో తప్పిందని తెలిసిపోతుంది. ఇద్దరూ విఫలమయ్యే సంభావ్యత 2/5, 1/2ల లబ్ధం, అంటే 1/5. దానిని ఒకటినుంచి తీసివేస్తే 4/5. అదే ప్రశ్నలో 'కనీసం ఒకరు' బదులు 'కచ్చితంగా ఒకరే' అని ఉంటే జవాబు 1/2కు మారుతుంది. ఒక్క మాట తేడా.

'ఎనీ' అన్న మాట మరింత మోసకారి. ఒక సంబంధం సౌష్ఠవమని నిరూపించమన్నపుడు పాఠ్యపుస్తకం 'ఏవైనా రెండు మూలకాలు తీసుకొనుము' అన్న అర్థంలో ఈ మాటను వాడుతుంది. ఏవైనా రెండు అంటే తనకు నచ్చిన రెండని భావించి 2, 4 తీసుకొని సరిచూసి 'నిరూపితమైంది' అని గీత గీసే విద్యార్థులు కొల్లలు. ఇక్కడ 'ఏవైనా' అంటే ప్రతి ఒక్క జత అని అర్థం. ఒక ఉదాహరణతో నిరూపణ జరగదు. అయితే సౌష్ఠవం కాదని చూపడానికి మాత్రం ఒక్క ఉదాహరణ చాలును. ఈ రెండింటి తేడా తెలియని విద్యార్థి మొదటి చోట తక్కువ వ్రాసి మార్కులు పోగొట్టుకుంటాడు, రెండవ చోట అవసరం లేని అరపేజీ వ్రాసి సమయం పోగొట్టుకుంటాడు.

కర్ణాటక ప్రశ్నపత్రంలో కనిపించే మరొక మాట 'హెన్స్'. పెద్ద ప్రశ్నలలో ఇది తరచుగా వస్తుంది. ఒక మాత్రిక ఇచ్చి, అది ఫలానా సమీకరణాన్ని తృప్తిపరుస్తుందని చూపి, దానినుంచి విలోమాన్ని కనుగొనమంటారు. ఉదాహరణకు మాత్రిక వర్గంలోనుంచి ఆ మాత్రికకు 5 రెట్లు తీసివేసి, తత్సమ మాత్రికకు 7 రెట్లు కలిపితే శూన్య మాత్రిక వచ్చిందనుకోండి. ఆ సమీకరణాన్ని విలోమంతో గుణిస్తే, తత్సమ మాత్రికకు 5 రెట్లలోనుంచి ఇచ్చిన మాత్రికను తీసివేసి 7తో భాగించగా వచ్చేదే విలోమమని రెండు పంక్తులలో తేలుతుంది. విద్యార్థి ఇదంతా విడిచిపెట్టి, నిర్ధారకం కట్టి, అనుబంధ మాత్రిక వ్రాసి, అదే జవాబు సాధిస్తాడు. జవాబు ఒప్పే. కానీ 'దీనినుంచి' అన్న ఆదేశాన్ని పాటించలేదు కనుక ఆ భాగానికి మార్కులు దక్కకపోవచ్చును. దక్కినా పది నిమిషాలు అదనంగా ఖర్చయినట్లే. నిశ్చిత సమాకలనుల ధర్మాన్ని నిరూపించి దాని సాయంతో విలువ కట్టమనే ప్రశ్నలోనూ ఇదే వరస.

భాషతో నిమిత్తం లేని పొరపాట్లు లేవని కాదు. అనిశ్చిత సమాకలనిలో స్థిరాంకం వ్రాయకపోవడం, ప్రతిక్షేపణ చేసిన తరువాత పాత అవధులనే ఉంచడం ఎప్పుడూ ఉన్నవే. 3×3 మాత్రికను రెండు రెట్లు చేస్తే నిర్ధారకం ఎనిమిది రెట్లవుతుంది. రెండు రెట్లే అని గుర్తు పెట్టేవారు ఎక్కువ. సైన్ 120 డిగ్రీలకు సైన్ విలోమం అడిగితే 120 అని వ్రాసేవారికి ప్రధాన విలువ మైనస్ 90 నుంచి 90 వరకే ఉంటుందన్న నియమం గుర్తుండదు. జవాబు 60 డిగ్రీలు. సైన్ వక్రానికి సున్న నుంచి 360 డిగ్రీల వరకు సమాకలని కడితే సున్న వస్తుంది, వక్రానికీ అక్షానికీ నడుమ వైశాల్యం మాత్రం 4 చదరపు యూనిట్లు. చక్కగా గీసిన పటం ఒక్కటి ముందుంటే ఈ చివరి తప్పు జరగదు. పటానికి వేరే మార్కులు లేవని దానిని గీయడం మానివేయడం పొదుపు క్రిందికి రాదు.

ఒక మార్కు ప్రశ్నల వాటా కూడా ఆలోచించదగినది. కర్ణాటక ద్వితీయ పి.యు.లో వ్రాత పరీక్ష 80 మార్కులకు, అందులో మొదటి భాగం 20 మార్కులు. తమిళనాడు ప్లస్ టూలో వ్రాత పరీక్ష 90కి, అక్కడా ఒక మార్కువి 20. పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు సి.బి.ఎస్.ఇ.కి మారినందున యానాం పిల్లలు వ్రాసే పత్రంలోనూ 80లో 20 ఇటువంటివే. మూడు చోట్లా ఈ ఇరవైకి సోపానాల మార్కులు లేవు. పెద్ద ప్రశ్నలో సూత్రం వ్రాసినందుకు ఒకటి, ప్రతిక్షేపించినందుకు ఒకటి అని దయతలచే మూల్యాంకన పద్ధతి ఇక్కడ పనిచేయదు. అయినా పెద్ద ప్రశ్నల నిరూపణలు వల్లె వేయించడంలో గడిచిపోయే తరగతులలో ఈ ఇరవై చివరి వారానికి మిగిలిపోతున్నాయి. యానాం పిల్లలకు మరొక చిక్కున్నది. సి.బి.ఎస్.ఇ. పత్రంలో ఒక పేరా చదివి జవాబివ్వవలసిన ప్రశ్నలు మూడు, మొత్తం 12 మార్కులకు ఉంటాయి. ప్రకటన, కారణం ఇచ్చి రెండింటి సంబంధం అడిగేవి రెండు. ప్రకటన నిజం, కారణం నిజం, అయినా ఆ కారణం ఆ ప్రకటనకు కారణం కాకపోవచ్చును. ఇది గణితమెంతో భాష అంత. ప్రశ్నపత్రం చదువుకొనడానికి ఆ బోర్డు ఇచ్చే 15 నిమిషాలను పిల్లలు తెలిసిన ప్రశ్నలను వెదకడానికి వాడుతున్నారు. ఆ పేరాలను చదవడానికి వాడితే మేలు.

రెండు ప్రవేశపరీక్షలు వ్రాసేవారు అలవాట్లను కలగాపులగం చేసుకొనడం మరొక నష్టం. సి.ఇ.టి.లో గణితానికి 80 నిమిషాలలో 60 ప్రశ్నలు. తప్పు జవాబుకు కోత లేదు. జె.ఇ.ఇ. మెయిన్‌లో ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. రెండవదానికి శిక్షణ పొందిన విద్యార్థి సందేహం కలిగిన గడిని ఖాళీగా విడువడం నేర్చుకుంటాడు. ఆ జాగ్రత్తనే సి.ఇ.టి.లో చూపితే అది నష్టజాతకమే. 2024 సి.ఇ.టి.లో సిలబస్‌కు వెలుపలి ప్రశ్నలపై పెద్ద వివాదం చెలరేగి, నాలుగు సబ్జెక్టులలో కలిపి 50 ప్రశ్నలను లెక్కలోనుంచి తొలగించవలసి వచ్చింది. తప్పు పరీక్షాధికారులది. అయితే తొలగించిన పాఠాలతో నిండిన పాత గైడ్లు సరిహద్దు పట్టణాల పుస్తకాల అంగళ్ళలో ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. ద్విపద విభాజనం వంటివి పాఠ్యపుస్తకంనుంచి పోయిన తరువాత కూడా వాటిమీద పిల్లల వేసవి గడిచిపోవడం విచారకరం.

చదువుకొనడానికి గడి దాటి వెళ్ళే పిల్లలకు ఒక అనుకూలత ఏర్పడింది. కర్ణాటక పి.యు. విజ్ఞానశాస్త్ర విభాగం 2012-13 నుంచే ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలను అనుసరిస్తున్నది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో కూడా 2025-26 నుంచి అదే ప్రణాళిక వచ్చి, వేర్వేరుగా ఉన్న గణితం ఏ, బి పత్రాలు కలిసి 100 మార్కుల ఒకే పత్రమైంది. మదనపల్లె, హిందూపురం కళాశాలలకు వెళ్ళే కోలారు, చిక్కబళ్ళాపురం పిల్లలకు ఇకమీదట పాఠ్యాంశాలలో పెద్ద తేడా ఉండదు. పరిభాషలో మాత్రం తేడా అలాగే ఉన్నది. కన్నడంలో సమాంతర శ్రేఢి అనేది తెలుగులో అంకశ్రేఢి. తెలుగు పుస్తకం చదివిన పిల్లవానికి సమాంతరం అనగానే కలవని రెండు గీతలే తోస్తాయి. కన్నడపు సంభవనీయతె తెలుగులో సంభావ్యత. ఇవి ఒక్క పూటలో నేర్వగలిగినవే, ఎవరైనా కూర్చోబెట్టి చెబితే.

జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుంచి తెలుగుతో సహా 13 భాషలలో జరుగుతున్నది. ఇది సరిహద్దు తెలుగువారికి వరమని అప్పట్లో కొందరు సంబరపడ్డారు. నిబంధన చూస్తే తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల కేంద్రాలకే పరిమితం. బళ్ళారిలోనో, హోసూరు సమీపంలోనో కేంద్రం ఎంచుకున్న విద్యార్థికి అది లభించదు. లభించినవారికి కూడా అనువాదంలో సందేహం వస్తే ఆంగ్ల పాఠమే ప్రమాణం. కాబట్టి ఏ దారిన వెళ్ళినా ఆ ఆంగ్ల వాక్యాన్ని సరిగా చదవడం తప్పదు. దానిని నేర్పడానికి తెలుగును దూరంగా పెట్టవలసిన పని లేదు. ప్రశ్నను ముందు ఆంగ్లంలో చదివించి, పుస్తకం మూయించి, 'ఏది తెలుసు, ఏది అడిగారు' అని ఇంటి భాషలో చెప్పించి, ఆ తరువాత గుర్తులతో వ్రాయించే పద్ధతిని ఏ ఉపాధ్యాయుడైనా అదనపు ఖర్చు లేకుండా పాటించవచ్చును. రెండు నిమిషాల పని. వందమంది ఉన్న తరగతిలో అందరిచేతా చెప్పించడం సాధ్యం కాదన్న ఆక్షేపణలో నిజమున్నది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకరికొకరు చెప్పుకొనడం మాత్రం సాధ్యమే.

మొదటి పరీక్ష తరువాత జవాబు పత్రపు స్కాన్ ప్రతిని రుసుము కట్టి పొందే సౌకర్యం కర్ణాటకలో ఉన్నది. తల్లిదండ్రులు దానిని మార్కులు పెంచుకొనే దరఖాస్తుకు తొలి మెట్టుగానే చూస్తున్నారు. విద్యార్థి ఆ ప్రతిని ముందు పెట్టుకొని, పోయిన ప్రతి మార్కు పక్కన అది లెక్క తప్పినందుకు పోయిందా, ప్రశ్నను తప్పుగా చదివినందుకు పోయిందా, వ్రాయవలసినది వ్రాయనందుకు పోయిందా అని గుర్తు పెట్టుకుంటే రెండవ పరీక్షకు ముందున్న రెండు, మూడు వారాలలో ఏమి చదవాలో అదే చెబుతుంది. ఏప్రిల్ వరకు ఆగనక్కరలేదు కూడా. వార్షిక పరీక్షకు ముందు జరిగే ప్రిపరేటరీ పరీక్షల జవాబు పత్రాలు ప్రతి కళాశాలలోనూ ఉంటాయి. మార్కుల జాబితా గోడకు అంటించిన మరునాడే అవి కట్టకట్టి బీరువాలోకి వెళ్ళిపోతున్నాయి.